సైకిల్ ట్యూబు కప్ప

నా భార్య విమలకు గర్భసంచి ఆపరేషన్ అయి ఇరవై రోజులు దాటినా అన్నం సయించలేదు. మానుకోట దవాఖానలో కుట్లు విప్పిన డాక్టరమ్మ, "పుండు మానింది, ఇక కడుపునిండా తినాలి" అన్నది. ఏం వండి పెట్టినా రెండు ముద్దలు తిని కంచం జరిపేది. వాకిట్లోకి రావాలన్నా గోడ పట్టుకునేది. ఒకనాడు తనే అడిగింది.

"మన చెరువుల కొర్రమట్ట పులుసయితే తింటనేమో."

అంగట్లో తొట్టిలో ఈదుతున్న పెంపకం కొర్రమట్ట చేపను తెచ్చి వండాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "దాణ వాసనొస్తుంది" అని పక్కకు నెట్టింది.

చెరువు కొర్రమట్ట నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా పడుతున్నాను. అది తామరాకుల కింద నక్కి ఉంటుంది. బతికున్న కప్పను వీపున గాలానికి గుచ్చి, వెదురు గెడతో ఆకుల మీద టపటపలాడిస్తే కింది నుంచి ఎగిరి అందుకుంటుంది. అందుకోగానే లాగకూడదు, కప్ప జారిపోతుంది. మింగేదాకా ఆగాలి. ఆగేటప్పుడు ఐలోని మల్లన్న దేవుణ్ణి మూడుసార్లు తలుచుకోవడం మా నాయన నేర్పిన పద్ధతి. మూడో పేరు కాగానే గుంజితే చేప ఒడ్డున పడుతుంది.

ఈసారి చిక్కంతా కప్పతోనే. మొన్నటి ఆషాఢంలో వాన మొహం చాటేస్తే మా వాడ ఆడవాళ్లు కప్పతల్లి ఆడారు. కప్పను గుడ్డలో పెట్టి రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పారు. ప్రతి గడపలో బిందెడు నీళ్లు పోసి దండం పెట్టారు. కడుపునొప్పి ఓర్చుకుంటూ ఆ రోకలి మోసింది విమలే. నాలుగో రోజుకు వాన పడింది.

"వానొస్తే ఏడాదిదాకా మా ఇంటాయన నీ పిల్లల జోలికి రాడని కప్పతల్లికి మాటిచ్చిన" అన్నది ఆ సాయంత్రం.

"నన్ను అడగకుంటనే?"

"అడిగితే ఒప్పుకుందువా?"

రోకలికి కట్టి మొక్కేదీ కప్పనే, వీపున గాలం గుచ్చేదీ కప్పనే. రెండూ మా ఇంటి చేతులే. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదెందుకో. ఏదేమైనా ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలి. విమల తినాలి. రెండూ జరగాలి.

వానపాములు గుచ్చి చూశాను. బెత్తెడు జెల్లలు తప్ప ఏవీ పడలేదు. అప్పుడు నెల్లికుదురులో పంక్చర్లు వేసే లక్ష్మా దగ్గరికి పోయి పాత సైకిల్ ట్యూబు అడిగాను.

"సైకిలే లేదు కదనే, ట్యూబేం జేస్తవ్?"

"కప్పను జేస్త."

లక్ష్మా నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "జొరమైతే లేదు" అని, రెండు మూరల ముక్క కోసి ఇచ్చాడు.

జానెడు కోసి, లోపల థర్మాకోల్ కూరి, కాళ్లలా చీలికలు చేసి, గాలం అమర్చాను. రబ్బరు వాసన పోయేలా చెరువు మట్టి పూశాను. తెల్లవారి చెరువు నీళ్లు పొర్లే మత్తడి పక్కన నిలబడి ఆకుల మీద ఆడించాను.

పట్టింది! దబ్బున నీళ్లు చిమ్మి గెడ వంగింది. మల్లన్నా, మల్లన్నా, మల్లన్నా. గుంజాను. ఉత్త గాలం. ఆ పొద్దున మూడుసార్లు అట్లాగే అయింది. మర్నాడు ఇంకో రెండుసార్లు.

పక్క గట్టు మీద ముత్తన్న పడీపడీ నవ్వాడు. మా ఇద్దరిలో పెద్దవాడు, చేపల వేటలో నాకు జోడీ.

"రబ్బరును మింగనీకె అదేమన్న టైర్లు దినే లారీయారా తమ్మీ?"

తన డబ్బా తెచ్చి నా ముందు మూత తీశాడు. అడుగున ఒక కప్ప, గొంతు కింద చర్మం ఎగసిపడుతూ, నన్నే చూస్తున్నట్టుంది.

"మరదలు గోడ వట్టుకొని నడుస్తుందంటివి. గిది నేనే గుచ్చిస్త. మొక్కు మీది, పాపం నాది. సరేనా?"

నా చెయ్యి డబ్బా దాకా పోయింది. గోడ పట్టుకున్న విమల చెయ్యే కళ్లలో మెదిలింది. ఆ చెయ్యే కదా రోకలి మోసింది.

"వద్దన్నా. మూత వెట్టు."

"మరెట్ల వడతవ్?"

"పడత."

అన్నానే గానీ ఎట్లాగో తెలియదు. గట్టు మీద కూర్చుని రబ్బరు కప్పను తిప్పి చూశాను. వీపు నిండా పళ్ల గాట్లు. అంటే చేప గట్టిగానే కరుస్తోంది. కరిచాక రుచి లేదని ఉమ్మేస్తోంది. ఎప్పుడు? నేను మల్లన్నను తలుచుకుంటూ ఆగినప్పుడు.

కప్ప అయితే మింగేదాకా ఆగాలి. రబ్బరైతే ఆగకూడదు. ఇంత చిన్న సంగతికి ఐదు చేపలు పోయాయి. ముప్పై ఏళ్లు నేను చేసింది ప్రార్థనేనా, లేక కప్ప గొంతు దిగేదాకా లెక్కపెట్టుకోవడమా? మల్లన్నకే తెలియాలి.

లేచి మళ్లీ ఆడించాను. పొద్దు బారెడెక్కింది. చేతులు పీకుతున్నా ఆపలేదు. ఆకు కదిలింది, నీళ్లు చిమ్మాయి. నాలుక మీదికి వచ్చిన పేరును పళ్ల వెనకే ఆపి, అదే ఊపున గుంజాను. మూరెడు కొర్రమట్ట గడ్డిలో పడి ఎగిరింది.

అప్పుడు తలుచుకున్నాను మూడుసార్లు, నిదానంగా.

"వార్నీ!" అన్నాడు ముత్తన్న, డబ్బా ఒళ్లో పెట్టుకుని.

మధ్యాహ్నం విమల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మూడోసారి పులుసు కోసం గిన్నె తనే జరుపుకుంది. చెయ్యి కడుక్కున్నాక అడిగింది.

"దేనితోని వట్టినవ్? నిజం జెప్పు."

రబ్బరు కప్పను చేతిలో పెట్టాను. గాట్లన్నీ వేలితో తడిమి చూసింది.

"మరి ఏడాదైనంక?"

"లక్ష్మా ఇచ్చిన ట్యూబు ఇంకా మూరన్నర ఉంది" అన్నాను.