కామేశ్వరి చూపుడువేలు

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్లకు కొదవ లేదు. అయినా కామేశ్వరి రేకు తీస్తుంటే పక్కింటివాళ్లు కూడా పని మానుకుని చూసేవారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట భగభగలాడుతుంటే, పల్చటి పిండినీళ్లలో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టుకుని కుండమీద ఒక్క లాగు లాగేది. రెప్పపాటులో రేకు తేలేది. చూపుడువేలితో అంచు లేపి, చిరగకుండా తీసి పక్కన పెట్టేది. ఆ వేలిని చూసి ఆమె భర్త బంగారరాజు పెళ్లయి ఇన్నేళ్లయినా మురిసిపోతూనే ఉండేవాడు. లోకంలో మగవాళ్లు భార్య కళ్లను పొగుడుతారు, జడను పొగుడుతారు. ఈయనగారిది వేలి పిచ్చి.

ఇంకో పిచ్చి రంగుచేపలది. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసిన ఇంట్లో గోడంత అక్వేరియం ఉండేదట. తిరిగొచ్చాక తనూ ముందుగదిలో ఒక గాజుతొట్టె పెట్టించుకున్నాడు. పెట్టించడం వరకే ఆయన వంతు. అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ ఎక్కితే ఎప్పటికి దిగుతాడో తెలియదు కాబట్టి చేపల పోషణ కామేశ్వరి మీద పడింది. ఆవిడ విసుక్కోలేదు సరికదా, వాటికి పేర్లు పెట్టి పిలిచేది. పాచి పట్టిన రాళ్లు తీసి కడిగేది. కుండ దగ్గర నుంచి లేచి, వేడికి చురచురలాడే వేళ్లను ఆ చల్లటి నీళ్లలో కాసేపు ముంచి ఉంచితే ప్రాణం హాయిగా ఉండేది. చేపలు వచ్చి వేళ్లను ముద్దాడేవి.

కొన్నాళ్లకు చూపుడువేలి కణుపు మీద ఎర్రగా బొడిపె లేచింది. ఆ ఊళ్లో చేతిమీద ఏ మచ్చ కనిపించినా కుండ తగిలి కాలిందనే అంటారు. ఆవిడా అదే అనుకుని నెయ్యి రాసుకుంది. తగ్గలేదు. వేలు వాచి వంగడం మానేసింది. బొడిపెలు మోచేతి వైపు పాకాయి. మొదటి బొడిపె చితికి తడి కనిపించిన రోజున కామేశ్వరి పొయ్యిలో మంట తనే ఆర్పేసింది.

"పెళ్లివారి ఆర్డరు మాటేవిటే?" అన్నాడు బంగారరాజు.

"ఉన్నమాటే చెప్పేస్తానండి. పుండున్న చేత్తో నలుగురు తినేది ముట్టుకుంటానా?"

అమలాపురంలో చర్మం డాక్టరు భవానీదేవి చేతిని తిప్పితిప్పి చూసి, "ఇంట్లో చేపలున్నాయా అమ్మా?" అని అడిగింది.

"ఆయ్, ఉన్నాయండి."

"ఆ నీళ్లలో ఒకరకం సూక్ష్మజీవి ఉంటుంది. చర్మం బాగుంటే సాధారణంగా ఏమీ చెయ్యదు. చిన్న కాలిన గాయమో గీతో ఉంటే లోపలికి దూరుతుంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తాను."

పరీక్షలో అదే తేలింది. కామేశ్వరి ఒక్కటే అడిగింది. "నా వేలు మళ్లీ వంగుతుందా అండీ?"

"మందులు నెలల తరబడి వాడాలమ్మా. పుండు మానుతుంది. కీలు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఇకమీదట గ్లవ్స్ లేకుండా తొట్టెలో చెయ్యి పెట్టకు."

బస్సులో బంగారరాజు తల ఎత్తలేదు. "రేపే ఆ తొట్టె ఎవరికైనా ఇచ్చేస్తాను."

"అవేం చేశాయండీ పాపం? వాటింట్లో చెయ్యి పెట్టింది నేను కదా!"

అంత బాధలోనూ ఆ మాట అనగలిగిన మనిషిని బంగారరాజు అప్పుడు తలెత్తి చూశాడు. లారీ మానేసి కుండ ముందు తనే కూర్చున్నాడు. కామేశ్వరి పీట వేసుకుని పక్కన కూర్చుని నేర్పింది. వీధంతా వచ్చి నవ్వింది. మొదటి రేకు చేతికిస్తే ఆవిడ వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది రేకా అండీ, గోనెపట్టా?" అంది. వేళ్లు బొబ్బలెక్కాయి. ఆడుతూపాడుతూ చేస్తోందని తను ఇన్నాళ్లూ అనుకున్న పని ఇదా అని మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాడు.

మందులకు బొడిపెలు అణిగాయి, పుండు మానింది. వేలు మాత్రం కర్రలా నిలబడే ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ పిడికిలి బిగించబోయేది. నాలుగు వేళ్లూ ముడుచుకునేవి, అదొక్కటే మొరాయించేది. ఆవిడ ఏడవలేదు. బంగారరాజే పెరట్లోకి వెళ్లి ఏడ్చాడు.

ఒక మధ్యాహ్నం కుండ దగ్గర నుంచి లేచి వస్తూ, తొట్టెలో బుడగలు రావడం లేదని గమనించాడు. గాలిగొట్టం రాళ్ల కింద ఇరుక్కుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి నీళ్లలో పెట్టాడు.

"ఏవండీ! తియ్యండి, చెయ్యి తియ్యండి!" కామేశ్వరి వంటింట్లోంచి పరుగున వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. "బొబ్బల చెయ్యి అందులో పెడతారా? గ్లవ్స్ ఏవీ? నాకు జరిగింది చాల్లేదా? మీకేవన్నా అయితే నేనేం కావాలి?"

ఆయన వింటున్నట్టు లేడు. తన మణికట్టు వైపే చూస్తున్నాడు.

"తిట్టు కామేశ్వరీ, ఎంతైనా తిట్టు. చెయ్యి మాత్రం వదలకు."

"ఏం?"

"నువ్వే చూడు."

ఆవిడ చూసింది. ఆయన మణికట్టు చుట్టూ ఆమె అయిదు వేళ్లూ గట్టిగా ముడుచుకుని ఉన్నాయి.