జత బేరం

నాకు కోపం ఎక్కువని జువ్విగుంపులో అందరూ అంటారు. నిజమే. కాని ఒక్క ఫోను కొనడానికి నా వెంట ఎద్దుల బేరగాణ్ణి పంపితే కోపం రాని మనిషి ఎవరో చూపించండి, వాళ్ళ కాళ్ళకు మొక్కుతాను.

నేను మా ఊరి ఉపాధి పనికి మేట్‌ను. అడవి అంచున గుట్ట కింద కందకాలు తవ్వే నలభై ఒక్క మంది పేర్లు రాయాలి. పొద్దున పదకొండు లోపల ఒక ఫోటో, మధ్యాహ్నం ఒక ఫోటో తీసి యాప్‌లో పంపాలి. ఫోటో పోతేనే హాజరు. పోకపోతే పొద్దంతా తవ్వినా తవ్వనట్టే. అలాంటిది గురువారం నాడు నా ఫోను అంబలి గిన్నెలో పడింది. తుడిచాను, ఎండబెట్టాను, ఎవరో చెప్తే బియ్యంలో పాతిపెట్టాను. రెండు రోజులకు ఆ బియ్యం వండుకుని తిన్నాం గాని ఫోను మాత్రం లేవలేదు.

ఫీల్డ్ అసిస్టెంట్ కబురు పెట్టాడు. "సోమవారం పదకొండుకు ఫోటో రాకుంటే మీ సైట్ బాబూరావుకు రాయాలె యశోదా. నా చేతుల ఏం లేదు."

బాబూరావు పక్క ఊరి మేట్. చెడ్డవాడేం కాదు, రూలు మనిషి. తవ్వనివాళ్ళ పేరు రాయడు. రెండేళ్ళ కిందట మా సైట్ ఒక నెలపాటు అతని చేతిలో ఉంది. వచ్చిన మొదటి రోజే మా అత్త కన్నమ్మ పేరు కొట్టేశాడు. అత్తకు నడుము వంగిపోయింది, గడ్డపార ఎత్తలేదు. కుండ చంకన పెట్టుకుని అందరికీ మంచినీళ్ళు పోస్తుంది. పేరు లేకపోయినా ఆ నెలంతా వచ్చి నీళ్ళు పోసింది. హాజరు పిలిచేటప్పుడు మాత్రం ఇప్పచెట్టు చాటుకు పోయి నిలబడేది. అది చూసినప్పుడల్లా చేతిలో గడ్డపార విసిరికొట్టేదాన్ని. ఆ కోపంతోనే నేను మేట్‌నయ్యాను.

ఫోనుకు ఊరంతా చందా వేసింది. చందాతోపాటు షరతు కూడా పెట్టింది. దూలయ్య మామ చూసి, ఆయనకు నచ్చితేనే కొనాలట.

దూలయ్యకు డెబ్బై దాటాయి. ఆయన ఏరిన ఎద్దు కాడి కింద కూలబడ్డదన్న మాట ఈ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. ట్రాక్టర్లు వచ్చాక ఆయన్ని అడిగేవాళ్ళు లేరు. ఆయన ఎద్దులూ పోయాయి, కాడి ఒక్కటే చూరుకు వేలాడుతోంది. ఫోనుకూ ఎద్దుకూ ఏం సంబంధమని అడిగాను.

"రెండూ పని జేసేటియే గదనే," అన్నది గంగక్క. అందరికంటే ఎక్కువ చందా ఇచ్చింది ఆమే, కాబట్టి ఆమె మాటే మాట.

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం మావాళ్ళు. వాళ్ళతో ఏం వాదిస్తాను.

ఆదివారం పొద్దున కల్లూరు పోయాం. మలికా మొబైల్స్ అని బస్టాండు దగ్గర ఒక దుకాణం ఉంది. యజమాని మహబూబ్ అలీ, నిదానమైన మనిషి. మా దగ్గరున్న డబ్బులు వినగానే అల్మారాలో అడుగు అర నుంచి రెండు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బూడిద రంగు, ఒకటి నలుపు. ధర అటూ ఇటుగా ఒకటే. దూలయ్య బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇది మైల, అది కర్రి," అన్నాడు. ఎద్దుల రంగులకు ఉన్న పేర్లే పెట్టేశాడు. "మైలకు ఎన్నేండ్లు?"

"ఏండ్లేంది పెద్దాయనా, కొత్తది. ఆండ్రాయిడ్ పధ్నాలుగు."

"పధ్నాలుగా." దూలయ్య నా వైపు చూశాడు. "ఇగో పిల్లా, పధ్నాలుగేండ్ల ఎద్దును కొత్తదని అమ్ముతుండు. మరి కర్రి సంగతేంది?"

"అది ఆండ్రాయిడ్ గో."

"గోవా?"

"అవ్, గో."

"ఒకటి ముసలిది, ఒకటి ఆవు. దున్నేటోడి మొఖమే గిట్లుంటే దుకాణమోడు మాత్రం ఏం జేస్తడు," అన్నాడు దూలయ్య. ఆయన కసురుకున్నది నన్నే.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మహబూబ్ అలీ మాత్రం నవ్వలేదు. మైలను ఎత్తి, ఇది గంటలో నిండా చార్జింగ్ ఎక్కుతుందని గొప్పగా చెప్పాడు. జల్దీ మేసేది జల్దీ పండుకుంటదని దూలయ్య తోసిపుచ్చాడు. తర్వాత దాన్ని బోర్లా తిప్పి, వెనక ఉన్న మూడు కెమెరా గుండ్రాల మీద, ఎద్దు ఒంటి మీది సుడులు చూసినట్టు, వేలు పెట్టి రుద్దాడు.

"ఈ మూడు సుడులల్ల రెండు దొంగ సుడులు."

మహబూబ్ అలీ ముఖం మాడిపోయింది. "నీకెట్ల తెలిసింది?"

"సుడి సల్లగుండాలె. రెండు ప్లాస్టిక్ లెక్కున్నయి."

"నిజమే పెద్దాయనా. ఒక్కటే పనిచేస్తది. కడమ రెండు అందానికి పెడ్తరు." ఇంకెవరైనా విన్నారేమోనని అతను గుమ్మం వైపు చూశాడు. మర్యాదకు స్టూలు జరిపి, కూర్చోమన్నాడు.

దూలయ్య కూర్చోలేదు. భుజం మీది తువ్వాలు తీసి, కుడిచేతి మీద కప్పి, ఆ చెయ్యి బల్ల మీదుగా చాపాడు.

ఎద్దుల సంతలో బేరం అలాగే జరుగుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ఏమీ తెలియదు. సెల్‌ఫోన్ల దుకాణంలో ఆ చెయ్యి చూసి నాకు చచ్చిపోవాలనిపించింది. పక్కనే కవర్లు ఎంచుకుంటున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు అటు తిరిగి నవ్వుకుంటున్నారు.

కాని మహబూబ్ అలీ కళ్ళు వెడల్పయ్యాయి. "మా అబ్బా ఎద్దుల దలాలీ జేసెటోడు," అన్నాడు మెల్లగా. చొక్కా చెయ్యి పైకి మడిచి, తువ్వాలు కింద పెట్టాడు.

తువ్వాలు కదిలింది. మహబూబ్ అలీ తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కదిలింది. దూలయ్య పైకి చూస్తూ ఏదో మర్చిపోయినవాడిలా నిలబడ్డాడు. చాలాసేపటికి మహబూబ్ అలీ "మంజూర్" అన్నాడు.

"ఏది కొన్నవ్ మామా, మైలనా, కర్రినా?" అని అడిగాను.

"తువ్వాల కింది మాట పైన జెప్తరా ఎవలన్న? రేపు కాడి గట్టి మూడు సాళ్ళు దున్ని సూపియ్యాలె. అప్పుడే పైసలు."

అంటే రెండు ఫోన్లూ మా సైట్‌కు తెచ్చి, పనిచేయించి చూపించాలని. దుకాణమాయన మమ్మల్ని బయటికి గెంటుతాడనుకున్నాను. అతను "ఎన్నింటికి రావాలె?" అన్నాడు.

సోమవారం తొమ్మిదింటికి మహబూబ్ అలీ బండి మీద మా గుట్ట కిందకు వచ్చాడు. నలభై ఒక్క మందీ పారలు వదిలేసి పశువుల సంత చూసినట్టు చుట్టూ మూగారు. మా దగ్గర సిగ్నల్ దొరికేది ఒకే ఒక చోట, కందకాల పక్కనున్న బండ మీద. సిమ్ కార్డు మైలలో వేసి బండెక్కాను. ఫోటో అద్దంలా వచ్చింది, అత్త కుండ మీది పగులు కూడా కనబడింది. సిగ్నల్ మాత్రం ఒక్క గీత కూడా రాలేదు. ఎత్తి పట్టుకున్నాను, దించాను, తిప్పాను. పదింబావు అయింది.

సిమ్ తీసి కర్రిలో వేశాం. బండ మీద రెండు గీతలు వచ్చాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీస్తే నలభై ఒక్క మందీ బూడిద గుమ్మడికాయల్లా వచ్చారు. ఎవరు మగ, ఎవరు ఆడ తెలియదు. ఫోటో స్పష్టంగా లేదని యాప్ వెనక్కి కొట్టింది. నాలుగుసార్లు తీశాను, నాలుగుసార్లూ కొట్టింది. పదకొండుకు ఇంక ఇరవై నిమిషాలే ఉంది.

చూసి నచ్చింది కొనుక్కుందామనుకున్నాం, రెండింటిలో ఒక్కటీ పనికి రాలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. ఎవరి మీద అరవాలా అని చూస్తుంటే అత్త కనబడింది. కుండను మెల్లగా కింద పెట్టి, కొంగు సర్దుకుని, ఇప్పచెట్టు వైపు నడుస్తోంది. ఎవరూ పొమ్మనలేదు. ముందే అలవాటు చేసుకుంటున్నట్టుంది. నాకు కోపం పోయి ఏడుపొచ్చింది.

"ఏమయిందని గట్ల మొఖాలేసిండ్రు?" అన్నాడు దూలయ్య బండ కింద నుంచి. "ఒకటి మంచిగ సూస్తది, ఒకటి మంచిగ లాగుతది. కాడి గట్టుండ్రి."

"మామా, నీ దండం బెడ్త, కొంచెం సేపు ఊకో," అన్నాను.

మహబూబ్ అలీ మాత్రం కదలకుండా నిలబడిపోయాడు. "ఆగమ్మా," అన్నాడు. "గా ఉపాయం నాకే తట్టాల్సుండె ముందుగాల. కర్రికి వచ్చే నెట్టు మైలకు ఇయ్యొచ్చు."

నా చేతిలోంచి రెండూ లాక్కుని గబగబా ఏవో నొక్కాడు. ఫోన్లు నాకోసం తెలుగులో పెట్టి ఉన్నాయి. మైల మీద ఒక ప్రశ్న వచ్చింది. గట్టిగా చదవమని దూలయ్య అడిగితే చదివాను.

"'జత చేయాలా?' అంటుంది."

దూలయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "అడిగే తీరు మంచిగుంది. అవ్ అను."

అవ్ అన్నాను. కర్రిని పట్టుకుని దూలయ్య బండెక్కి, చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. నేను పది అడుగుల కింద మైలతో నిలబడ్డాను. అందరినీ బండ ముందు నిలబెట్టి, అత్తను కేకేసి ముందు వరసలోకి రమ్మన్నాను. ఫోటో తీసి పంపితే సన్నటి గీత ఒకటి నత్తలా పాకడం మొదలుపెట్టింది. సగంలో ఆగింది. "హో, హో, నడువ్," అని దూలయ్య బండ మీద నుంచి అదిలించాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు, అది నడిచింది. పదకొండుకు మూడు నిమిషాల ముందు పచ్చటి టిక్కు పడింది.

సంతోషంలో ఎవరు ఎవరి వీపు చరుస్తున్నారో తెలియలేదు. అది సద్దుమణిగాక మహబూబ్ అలీ చందా డబ్బులు తీసుకుని అట్టపెట్టెలు విప్పాడు. "మరి ఏది ఉంచుకుంటరు, ఏది నేను పట్కపోవాలె?"

"పట్కపోవుడేంది?" అన్నాడు దూలయ్య. "జత బేరం గదా మనది."

"ఏం జత?"

"తువ్వాల కింద ఒంటెద్దుకు ధర జెప్తరా? మీ నాయిన ఎన్నడన్న ఒంటెద్దును అమ్మిండా?"

మహబూబ్ అలీ విప్పిన అట్టపెట్టె మళ్ళీ మూశాడు. సంతలో వేలు నొక్కితే అది జతకే, ఒంటెద్దుకు కాదు. ఎద్దులున్న ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. దూలయ్య మోసం చేయలేదు. ఆయన వేరేలా అనుకోనే లేదు.

సిగ్గుతో నా ఒళ్ళు చచ్చిపోయింది. ఒకటి తిరిగి ఇచ్చేస్తామని అందామనుకున్నాను. కాని ఏది ఇచ్చినా రెండోది పనికి రాదు, అత్త మళ్ళీ చెట్టు చాటుకే. నా జన్మలో నోరు రాని సందర్భం అదొక్కటే.

మహబూబ్ అలీ పోయి బండ అంచున కూర్చున్నాడు. అత్త నీళ్ళిచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, కుడిచేతిని కాసేపు చూసుకున్నాడు.

"అమ్మలే," అన్నాడు చివరికి. "అబ్బా ఒంటెద్దును ఎన్నడు అమ్మలే. తువ్వాల కింద ఇచ్చిన చెయ్యి పైకొచ్చి మారిస్తే ఆయన సమాధిల లేచి కూసుంటడు. ఆయన పోయినంక నా చెయ్యి గట్ల ఎవ్వలు పట్టుకోలె పెద్దాయనా. జత మీదే." బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపాడు. "మా దుకాణానికి ఇంకోసారి వస్తే తువ్వాల ఇంట్ల పెట్టి రా."

మధ్యాహ్నం ఫీల్డ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు. దూలయ్య కర్రిని చెవికి ఆనించుకోవడం చేతకాక నాకు అందించాడు.

"ఫోటో మంచిగొచ్చింది. సైట్ నీదే. గని వెనక బండ మీద ఒక ముసలాయన చెయ్యెత్తుకొని నిలబడ్డడు, ఎవలాయన? ఏం పని?"

దూలయ్యకు జాబ్ కార్డు ఉంది. తవ్వలేనివాడికి హాజరెందుకని ఇన్నేళ్ళూ పేరు రాయించుకోలేదు.

"కాడి పట్టే పని," అన్నాను. అటువైపు రాసుకుంటున్న కలం చప్పుడు వినబడింది.

రెండో ఫోటోకు ముందు హాజరు పిలిచాను.

"కన్నమ్మ."

"ఉన్న," అన్నది అత్త, ముందు వరసలోనే, కుండతో.

నలభై ఒక్క పేర్లూ అయ్యాయి. కింద కొత్తగా రాసుకున్న పేరు పిలిచాను.

"దూలయ్య."

"ఇద్దరం ఉన్నం," అని కర్రిని పైకెత్తి బండ మీద నుంచి జవాబిచ్చాడు. "మూడోది నీ చేతిలుంది, సూసుకో."