భీమేశ్వరరావు సంతకం

“జల్ది పెట్టు ఓంకారన్నా, ఆఫీసరు ఎదురుచూస్తున్నడు,” అంటూ దినేశ్ కాగితాన్ని ముందుకు తోశాడు.

ఓంకార్ కలం మూత తీశాడు. చెయ్యి కదలలేదు. ఇరవై రెండేళ్లలో అది మొరాయించడం ఇదే మొదలు.

నాలుగే వాక్యాలు. నానక్‌రామ్‌గూడ వెనక రాళ్లకుంటలోని రెండెకరాలు ఖాళీ స్థలమనీ, అక్కడ ఎవరూ నివసించడం లేదనీ, కంపెనీకి ఇవ్వడానికి అభ్యంతరం లేదనీ. కింద ఎమ్మెల్యే భీమేశ్వరరావు సంతకానికి చోటు.

ఆ ఎమ్మెల్యే, దినేశ్ తండ్రి, లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. మాట లేదు, కుడిచేయి లేవదు. బయటికి మాత్రం ఢిల్లీలో ఉన్నాడనే చెబుతున్నారు. శుక్రవారం పార్టీ టికెట్లు ప్రకటిస్తుంది. అప్పటిదాకా సారు నిక్షేపంగా ఉండాలి.

మాదాపూర్ టవర్ల పక్కన ఇంకా బండరాళ్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో భీమేశ్వరరావు వార్డు కౌన్సిలర్. రాత అంటే విసుగు. “నాకు నోరుంది, నీకు చెయ్యుంది. నువ్వే పెట్టు,” అని తన సంతకాన్ని దగ్గర రాతపని చూసే ఓంకార్‌కు అప్పగించాడు. ఆ నోటితో, ఈ చేతితో కార్పొరేటరయ్యాడు, రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యాడు. మంచైనా చెడైనా చేసింది సారు, తాను కలం మాత్రమే అనుకుంటే ఓంకార్‌కు హాయిగా నిద్రపట్టేది.

“ఆడ ముప్పై ఎనిమిది ఇండ్లున్నయ్ బాబూ.”

“ఉండనీ. నాన్ననడిగిన. కండ్లార్పిండు. సరే అన్నట్టే.”

“కండ్లు అందరార్పుతరు.”

“అబ్బో! ఇన్నేండ్లు రాని నీతి ఇయ్యాల ఏడికెల్లొచ్చిందే నీకు?”

ఆ మాట సూటిగా తగిలింది. ఈ నాలుగు నెలలూ పెట్టినవి పింఛను చిట్టీలే గనక, సారు మాట లేకుండా పెడుతున్నానన్న సంగతి ఓంకార్‌కు తట్టలేదు. ఈ కాగితం వెనక సారు గొంతు కోసం వెతికితే తానొక్కడే కనిపిస్తున్నాడు.

లేచి తలుపు తీశాడు. హాల్లో రాళ్లకుంట రూతమ్మ, తమ ఇళ్లు తీసేయొద్దన్న అర్జీ పట్టుకుని పొద్దున్నుంచీ కూర్చునుంది. అద్దాల మేడలో నెలకు పదకొండు వేలకు నేల తుడుస్తుంది. ఇవాళ్టి కూలి పోగొట్టుకుని వచ్చింది.

“రూతమ్మా, సారు ఢిల్లీకి పోలేదు. లోపట్నే ఉన్నడు. మాట పడిపోయి నాలుగు నెల్లాయె.”

“ఏయ్!” వెనకనుంచి దినేశ్ అరిచాడు.

రూతమ్మ నోరు తెరిచింది. “మరి మా అత్త పింఛను కాయితం?”

“నేనే పెట్టిన.”

“ఎన్కటి నల్లా కాయితం?”

“అదీ నేనే.”

తిడుతుందనుకున్నాడు. ఆమె అతన్ని కిందినుంచి మీదిదాకా చూసి, అర్జీ చేతిలో పెట్టింది.

“ఇన్నేండ్లు ఉత్తగనే సారుకు దండం పెడితి గదా! అయితే ఇదిగూడ నువ్వే రాయి. మేం ఆడ ఉన్నమని రాయి.”

దినేశ్ భుజం పట్టి వెనక్కి లాగుతున్నాడు. ఓంకార్ అర్జీని గోడకానించి, అక్కడ ముప్పై ఎనిమిది ఇళ్లున్నాయని రాశాడు. కింద అలవాటుగా ‘భీ’ పడింది. కొట్టేసి, పక్కన తన పేరు రాశాడు. అక్షరాలు వంకరపోయాయి.

రూతమ్మ వాటిని చాలాసేపు చూసింది.

“ఈ పేరుకు పని నడుస్తదా అన్నా?”