ఐస్ ఫ్యాక్టరీలో మిగిలినవాడు

పేట లైబ్రరీవాళ్ళు మళ్ళీ చరిత్ర పోటీ పెట్టారు. మొదటిసారి పెట్టినప్పుడు ఒకాయన, పక్కింటివాళ్ళ తాత వీధి పంపు ఊడబెరికి అమ్ముకున్నాడని రాశాడు. బహుమతి సభలో కుర్చీలు గాల్లోకి లేచాయి. అడ్డం వెళ్ళిన లైబ్రేరియన్ నుదుటికి కుట్లు పడ్డాయి. అందుకని ఈసారి ఆయన బాగా ఆలోచించి ఒక నిబంధన పెట్టాడు. రచనలో ఎవరి సంగతి వచ్చినా సరే, రాసినవాళ్ళే ఇంటికి వెళ్ళి మొదటినుంచి చివరిదాకా వాళ్ళకి చదివి వినిపించాలి. మనిషి లేకపోతే ఇంటివాళ్ళకి వినిపించాలి. విన్నవాళ్ళు కింద సంతకం పెట్టాలి. సంతకాలు లేని రచన పోటీలోకి రాదు. చరిత్ర మీద గౌరవంతో పెట్టిన నిబంధన కాదది, తన తలకాయ మీద భయంతో పెట్టుకున్నది.

గెలిచిన రచనలోని ముఖ్యమైన సంగతిని నల్లరాతి మీద చెక్కించి లైబ్రరీ ముందు నిలబెడతారు. అదే బహుమతి. ఆ మాట వినగానే పేటలో సగంమంది జిరాక్సమ్మ వైపు చూశారు.

మార్కెట్ మూల కాపీల దుకాణంలో పనిచేస్తుంది కనుక ఆమెకు ఆ పేరు వచ్చింది. దానికంటే ముందు ఆమెకు ఇంకో పేరుండేది: వాల్వు కట్టినాయన కూతురు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలింది. అప్పుడు లోపల డ్యూటీలో ఇద్దరే ఉన్నారు. ఒకడు పారిపోయాడు. ఇంకొకడు తడి గోనెపట్టా ముఖానికి చుట్టుకుని, నిచ్చెనెక్కి, పైనున్న పెద్ద వాల్వును తిప్పి మూసి అక్కడే పోయాడు. మూయకపోయి ఉంటే ఆ గాలికి పేట పేటంతా పోయేది. పారిపోయినవాడు మళ్ళీ కనిపించలేదు. పోయినవాడు జిరాక్సమ్మ నాన్న.

ఈ సంగతి ఆమెను పెంచింది. బడిలో ఎవరూ ఆమెను కొట్టలేదు. దుకాణంలో పని అడగ్గానే దొరికింది. బస్సులో ముసలివాళ్ళు లేచి సీటిచ్చేవారు. నాన్న ముఖం సరిగా గుర్తులేకపోయినా నాన్న గౌరవాన్ని రోజూ కట్టుకుని తిరిగింది. రాయి మీద ఆ పేరు చూడాలని ఆమెకు ఎంత ఆశ పుట్టిందంటే, పోటీ ప్రకటన అంటించిన రోజే రాయడం మొదలుపెట్టింది.

తెలిసిందే రాస్తే చరిత్ర కాదు, అడిగి రాయాలి అన్నాడు లైబ్రేరియన్. అందుకని ఆమె దిమ్మల తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన ఫ్యాక్టరీలో ఐస్ దిమ్మలు లాగినవాడు. ఆ రోజు పైనుంచి శవాన్ని దించినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. చెవులు సగం పోయాయి గానీ నోరు పోలేదు.

"ముఖం ఏముందమ్మా, ఉడికిపోయింది. ఆ కోటు చూసే మీ నాన్నని తెలిసింది" అన్నాడు తాత. "చలిగదిలోకెళ్ళే కోటు. మోచేతి దగ్గర ఆకుపచ్చ గుడ్డతో మాసిక. మీ అమ్మ వేసిందే. చూడగానే మీద పడి ఏడ్చింది."

"మీరు పట్టుకుని దించారా తాతా?"

"కాళ్ళవైపు నేనే. ఎంత బరువనుకున్నావు. ఐస్ పని చేసినోడి కాలికి ఏదో ఒకటి తక్కువుంటుంది, ఇదిగో నా కాలు చూడు." తాత చెప్పులోంచి పాదం తీసి చూపించాడు. రెండు వేళ్ళు లేవు. "నాకు ఇవి పోయాయి. మీ నాన్నకి ఎడమ బొటనవేలు. దిమ్మ పడితే అంతే, కత్తిరించినట్టు పోతుంది."

జిరాక్సమ్మ రాసుకుంటున్నది ఆపింది.

నాన్న ముఖం గుర్తులేదు గానీ కాళ్ళు బాగా గుర్తున్నాయి. డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుంటే కాలి వేళ్ళకు మెటికలు విరవడం ఆమె పని. ఎప్పుడూ ఎడమకాలి బొటనవేలితో మొదలుపెట్టేది. అది లావుగా ఉండి ఒక పట్టాన విరిగేది కాదు. రెండు చేతులతో పట్టుకుని లాగితే నాన్న దొంగ కేక పెట్టేవాడు. ఆ కేక కోసమే లాగేది.

"తాతా, సరిగ్గా గుర్తుందా? ఎడమ కాలేనా?"

"నా చేతుల్లో ఉన్న కాలు నాకు గుర్తుండదా. పాత దెబ్బ, చర్మం కూడా కలిసిపోయింది" అన్నాడాయన, కాస్త నొచ్చుకుని.

ఇంట్లో అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల్లీకూతుళ్ళిద్దరే ఆ రెండు గదుల ఇంట్లో. తాత అన్నదంతా జిరాక్సమ్మ చెప్పేసింది. అమ్మ చేతులు మాత్రం ఆగలేదు. చేట మీద గింజల్ని అటూ ఇటూ నెడుతూనే మాట్లాడింది.

"కోటు చూసే అనుకున్నాను నేను కూడా. అబద్ధం కాదు. ఇద్దరికీ కలిపి ఒకటే కోటు, చలిగదిలోకి ఎవడెళ్తే వాడు తొడుక్కునేవాడు. ఆ సంగతి ఆ ఏడుపులో తట్టలేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"కాళ్ళు కడిగేటప్పుడు."

"అప్పుడు చెప్పలేదేమ్మా?"

"ఏమని చెప్పను? పోయినవాడు నావాడు కాదు, పారిపోయినవాడే నావాడు అని చెప్పనా? పక్కనే నువ్వు నిలబడి ఉన్నావు. బయట పేటంతా నిలబడి మీ నాన్నకి దండం పెడుతోంది. నేనా మాట అంటే సాయంత్రానికి మనల్ని ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోంచి గెంటేసేవాళ్ళు." అమ్మ చేట కింద పెట్టింది. "కాలు చూశాకే నేను నిజంగా ఏడ్చాను. పూడ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అందరూ ఎంత ప్రేమో అనుకున్నారు."

"మరి ఆ పోయినాయన భార్య?"

"ఆవిడ అప్పుడు పుట్టింట్లో ఉంది, వాళ్ళమ్మకి బాగోలేక. వచ్చేసరికి అంతా అయిపోయింది."

గెంటివేతకు ఒక ఇల్లు కావలసివచ్చింది. పారిపోయినవాడి ఇల్లని ఆవిడను గెంటారు. సామాను వీధిలో పడేస్తుంటే ఆపినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఆవిడ పేట చివర పిండిమర పెట్టుకుంది. ఎదురుగా అందరూ పిండిమరావిడ అంటారు, వెనక తిరగ్గానే పారిపోయినోడి పెళ్ళాం అంటారు. గింజలు మర పట్టించడానికి అమ్మ తనను ఎప్పుడూ ఆ మరకు పంపకుండా రెండు వీధులు దాటి ఇంకో మరకు ఎందుకు పంపేదో జిరాక్సమ్మకు ఇప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు అదేదో పరువు అనుకుంది.

"నాన్న మళ్ళీ ఎప్పుడైనా వచ్చాడా?"

"చచ్చి గొప్పవాడయ్యాడు. బతికొచ్చి ఏమవుతాడు?" అంది అమ్మ. "ఒక్కసారి కూడా రాలేదు. నాకోసం రాకపోతే పోయాడు. నీకోసమైనా రావాలిగా."

పోటీ మానేస్తే సరిపోయేది. కానీ రిటైరైన మాస్టారొకాయన తానూ వాల్వు కథే రాస్తున్నానని, ఆమె రాస్తే తప్పుకుంటాననీ అప్పటికే అందరికీ చెప్పాడు. ఆమె మానేస్తే ఆయన రాస్తాడు. ఆయన చేతిరాత కూడా బాగుంటుంది. ఎలా చూసినా ఆ నల్లరాయి మీదికి ఎక్కేది నాన్న పేరే. వెళ్ళే దారిలో ప్రతిరోజూ పిండిమరావిడ దాన్ని చదువుకోవాలి.

జిరాక్సమ్మ ఉన్నదున్నట్టు రాసింది. రాసింది అమ్మకు చదివి వినిపించింది. అమ్మ గోడవైపు తిరిగి విని, అలాగే చెయ్యి వెనక్కి చాపి కాగితం అందుకుని సంతకం పెట్టింది.

"ఇంక నేను కూరగాయలకి కూడా వెళ్ళలేను. నువ్వే తేవాలి" అంది.

తాత విని, "అయ్యయ్యో" అని, సంతకం పెట్టేముందు ఇంకోసారి మొత్తం చదివించుకున్నాడు. మూడో సంతకం మిగిలింది.

పిండిమర ఒక్క గది. గోడలు, బల్బు, తక్కెడ, ఆవిడ కనుబొమలు, అన్నిటిమీదా పిండి. జిరాక్సమ్మ గుమ్మంలో నిలబడేసరికి ఆవిడ కింది నుంచి పైదాకా చూసింది.

"దారి తప్పావా?" అంది మోటారు మోతలోంచి.

"మీకు ఒకటి చదివి వినిపించాలి పిన్నీ. పోటీకి."

"మీ నాన్న కథేగా. నాకు వచ్చు, నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"మీ ఆయన కథ" అంది జిరాక్సమ్మ.

ఆవిడ మోటారు కట్టేసింది. డబ్బాతో నిలబడ్డ ఒకామెను కాసేపాగి రమ్మని పంపేసింది. బస్తా మీద కూర్చుని, ఎదురు బస్తా చూపించింది. జిరాక్సమ్మ చదివింది. బొటనవేలు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చదివేసింది. ఆవిడ తిడుతుందనుకుంది. కొడితే కొట్టించుకుందామనే వచ్చింది. ఏడ్చి, ఇన్నాళ్ళకి నా మొగుడి పరువు నిలబెట్టావు తల్లీ అంటుందేమోనన్న ఆశ కూడా లోపల ఎక్కడో లేకపోలేదు.

ఆవిడ అవేవీ చేయలేదు. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చుంది.

"అయితే చచ్చిపోయాడా?" అంది.

పరువు, రాయి, న్యాయం అన్నీ ఆలోచించుకుని వచ్చింది గానీ, ఈవిడకు తను చావు కబురు తెచ్చిందన్న సంగతి జిరాక్సమ్మ ఆలోచించనే లేదు.

"ఎక్కడో ఉన్నాడనుకున్నాను" అంది పిండిమరావిడ. "సిగ్గులేనోడు, ఎక్కడో ఎవత్తెతోనో ఉన్నాడు, ఒళ్ళు వంగాక వస్తాడులే అనుకున్నాను. ఇంకా మంచి చోట మర పెట్టుకోమని ఎంతమంది చెప్పారో. ఈ పేటలోనే ఎందుకున్నాననుకున్నావు, ఇన్ని మాటలు పడి? వేరే చోటికెళ్తే వాడికి ఇల్లు తెలియదని."

"పిన్నీ..."

"ఎవరైనా ఏడ్చారా వాడి దగ్గర?"

"మా అమ్మ ఏడ్చింది."

"అది కోటుకి ఏడ్చింది. కాలు చూశాక ఏడ్చిందా?"

జిరాక్సమ్మ చేతిలో కాగితాలున్నాయి. వాటిలో ఒక్క తప్పు మాట లేదు. ప్రతి మాటా అడిగి రాసింది, సరిచూసుకుని రాసింది.

"చూశాకే ఎక్కువ ఏడ్చింది పిన్నీ. పూడ్చేదాకా ఏడ్చింది" అంది. ఎవరికోసం ఏడ్చిందో చెప్పలేదు.

పిండిమరావిడ తలూపింది. "పోనీలే. ఆ మాత్రమైనా దొరికింది." కొంగుతో చెయ్యి తుడుచుకుని పెన్ను అడిగింది. కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెట్టి కాగితం వెంటనే ఇవ్వలేదు.

"అయితే మీ నాన్న ఉన్నాడన్నమాట."

"తెలీదు పిన్నీ."

"తెలీకపోవడమంటే ఉన్నట్టే. నీకు అలవాటు లేదు, కష్టంగా ఉంటుంది. వీధిలో ఏ ముసలాడు నిలబడినా వెళ్ళి ముఖం చూడాలనిపిస్తుంది." ఆవిడ గొంతులో కోపం లేదు. పని నేర్పేవాళ్ళ గొంతులా ఉంది. "నేను మాటలు పోగేసి పెట్టుకున్నాను. వాడొస్తే అడగడానికి. మర ఆడుతుంటే పక్కన ఎవరికీ వినపడదుగా, రోజూ అనుకునేదాన్ని, బాగా కుదరని మాట తీసేసి ఇంకోటి పెట్టేదాన్ని. ఇప్పుడు అవి నేనేం చేసుకోను? నిచ్చెనెక్కి చచ్చినోణ్ణి ఏమని తిట్టను? నువ్వు తీసుకో. మీ నాన్న వస్తే నీకు పనికొస్తాయి."

బయట డబ్బా ఆమె తిరిగొచ్చి, లోపల వీళ్ళిద్దర్నీ చూసి, గుమ్మం బయటే నిలబడిపోయింది.

"చెప్పండి పిన్నీ" అంది జిరాక్సమ్మ.

పిండిమరావిడ, పారిపోయిన మొగుడే ఎదురుగా ఉన్నట్టు, మామూలు గొంతుతో అడిగింది.

"ఇన్నేళ్ళూ ఎవరు వండి పెట్టారయ్యా నీకు?"