వెనక్కి పిలిచేదాకా

నాలుగు టైర్లలోనూ గాలి చూడడం అయిపోయాక విశ్వనాథం మళ్ళీ మొదటి టైరు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. మొదటిసారి తప్పు చూశానేమోనని అతని అనుమానం. అమెరికాలోని షాంటిలీలో ఆ టౌన్‌హౌస్ ముందు ప్రతి శనివారం పొద్దున్న ఎనిమిదింటికి జరిగే తంతే ఇది. నలభై నాలుగేళ్ళ మనిషి, కాస్త ముందుకి వంగిన భుజాలు, పల్చబడ్డ జుట్టు, చొక్కా జేబులో ఒక పెన్నూ నాలుగు మడతలు పెట్టిన కాగితమూ. బూడిదరంగు కరోలాకి పదేళ్ళు నిండాయి. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

పగలంతా అతను చేసే పని ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. కోడిగుడ్డుకి ఈకలు పీకినందుకు జీతం ఇచ్చే ఉద్యోగం అది, దానికి విశ్వనాథాన్ని మించినవాడు దొరకడు. పదకొండేళ్ళలో అతను దేన్నయినా బాగుంది అనగా ఆఫీసులో విన్నవాళ్ళు లేరు. తప్పు దొరకలేదు అంటాడు, అంతే.

ఇంట్లోనూ అదే వరస. ఏ వస్తువైనా సరే, ఒకసారి వద్దని లేచి వెళ్ళిపోకుండా కొనడు. అమ్మేవాడు వెనక్కి పిలవాలి. పిలిస్తే బేరం కుదిరినట్టు, పిలవకపోతే ఆ వస్తువు మనకు రాసిపెట్టి లేనట్టు. ఈ సూత్రం మీదే ఎనిమిదేళ్ళ కిందట చెరువు పక్కన ఒక మంచి ఇల్లు చేయి జారిపోయింది. ఆ ఇంటాయన వెనక్కి పిలవలేదు. ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా భార్య చాముండేశ్వరి తల అటు తిప్పుకుంటుంది గానీ ఏమీ అనదు.

ఇవాళ మాత్రం అతను చూడబోయేది ఇల్లు కాదు, సోఫా కాదు. పద్దెనిమిదేళ్ళ నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు, నిస్సాన్ త్రీ హండ్రెడ్ జడ్‌ఎక్స్. రెండు సీట్లు, ఇంజన్‌కి ఊపునిచ్చే రెండు టర్బోలు. అమెరికా వచ్చిన రెండో వారం, చలికి వణుకుతూ బస్టాపులో నిలబడి ఉంటే అలాంటిదే ఒకటి సిగ్నల్ దగ్గర ఆగింది. నేలకి అతుక్కున్నట్టుంది. పచ్చ లైటు పడగానే సన్నగా ఈలవేసి మాయమైపోయింది. విశ్వనాథం నోరు తెరుచుకుని అటే చూస్తూ ఉండిపోయాడు, ఈలోగా బస్సూ వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అలాంటి కారు కావాలని కోరిక. వీసా తేలాక కొనుక్కుందామన్నాడు, తర్వాత ఇల్లు కొన్నాక అన్నాడు, ఆ తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చాక అన్నాడు. గ్రీన్ కార్డ్ వచ్చి పదిహేడు రోజులైంది. ఇక వాయిదా వెయ్యడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

"వెళ్ళి చూసి రండి," అంది చాముండేశ్వరి, ఉప్మా పళ్ళెం ముందు పెడుతూ. చూసి రండి అంది గానీ కొనుక్కు రండి అనలేదు. ఆమెకి తన మొగుడు తెలుసు.

అమ్మే మనిషి పేరు పాపయ్య. అరవై ఎనిమిదేళ్ళు, తెనాలి వైపువాడు, పాతికేళ్ళ కిందట వచ్చాడు. రిటైరయ్యేదాకా ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసే బెల్టులు బాగు చేశాడు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కుడి బొటనవేలి గోరు చుట్టూ నల్లటి గ్రీజు. ఎన్ని సబ్బులు అరగదీసినా అది పోదని వాళ్ళావిడ దమయంతి మజ్జిగ గ్లాసు చేతికిస్తూ చెప్పి లోపలికి వెళ్ళింది.

విశ్వనాథం జేబులోంచి కాగితం తీశాడు. అందులో నలభై రెండు అంశాలున్నాయి. బానెట్ ఎత్తాడు, నేల మీద పడుకుని కింద చూశాడు, ఆయిల్ పుల్ల తీసి వాసన చూశాడు. గంటసేపు వెతికితే దొరికింది ఒక్కటే.

"కారులో గడియారం గంట వెనక ఉందండీ," అన్నాడు.

"ఎండాకాలానికి టైమ్ గంట ముందుకి మార్చినప్పుడు నేను మార్చలేదు బాబూ. రిటైరైనోడికి గంట అటయితేనేం ఇటయితేనేం," అన్నాడు పాపయ్య. "రా, డ్రైవ్ చేసి చూడు. క్లచ్ వచ్చా?"

"కాలేజీలో జీపు నేర్చుకున్నాను."

"అయితే రాదు. ఫర్వాలేదు, పద."

వీధి చివర రెండుసార్లు ఇంజన్ ఆగిపోయింది. పాపయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, పెద్దమనిషి తరహాగా. హైవే ఎక్కి మూడో గేర్ వేశాక మాత్రం ఎవరో భుజాలు పట్టుకుని సీట్లోకి అదిమేసినట్టయింది. పదకొండేళ్ళ కిందట విన్న ఈల చెవి పక్కనే వినిపించింది. విశ్వనాథం కొయ్యబారిపోయాడు. కాళ్ళూ చేతులూ వాటి పని అవి చేస్తున్నాయి గానీ మనిషి అక్కడ లేడు. తన గొంతులోంచి వచ్చిన నవ్వు విని తనే ఉలిక్కిపడ్డాడు. అంత గట్టిగా నవ్వి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

గరాజ్‌లోకి ముక్కు దూర్చి ఆపాక తాళం తిప్పబోతే పాపయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. రెండు నిమిషాలు ఊరికే తిరగనియ్యి. టర్బో చల్లారాలి. పరిగెత్తొచ్చిన ఎద్దుని వెంటనే కట్టెయ్యరు కదా."

ఇంజన్ మెల్లగా తిరుగుతూ ఉంటే ఇద్దరూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

"ఎందుకు అమ్మేస్తున్నారు?"

"ఎడమ మోకాలు బాబూ. క్లచ్ తొక్కనివ్వట్లేదు. షెడ్డులో కట్టేసి చూస్తా కూర్చోడం నాకు చేతకాదు." పాపయ్య తనలో తనే నవ్వుకున్నాడు. "నేను దీన్ని కొన్నప్పుడు ఇలాగే లోపల పెట్టి, మంచి రోజు చూసి చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాను. దండం పెట్టుకుని ఎక్కాను. లోపల పెట్టిన బండి ముందుకెలా పోద్ది? రివర్స్ వేశాను. నాలుగు కాయలూ నలక్కుండా అలాగే ఉన్నాయి. మెకానిక్కునని చెప్పుకోకండి అని దమయంతి పదమూడేళ్ళ నుంచి దెప్పుతానే ఉంది."

విశ్వనాథం మళ్ళీ నవ్వాడు. ఆ క్షణంలో అడిగినంతా ఇచ్చేస్తే సరిపోయేది. చెక్ బుక్ జేబులోనే ఉంది. కానీ కారు దిగి నేల మీద కాలు పెట్టగానే పాత మనిషి తిరిగొచ్చాడు. ఏడున్నర వేలు ఎక్కువన్నాడు. గడియారం సంగతి ఎత్తాడు. అటు తగ్గి ఇటు పెరిగి చివరికి బేరం రెండు వందల యాభై డాలర్ల దగ్గర చిక్కుకుంది. పాపయ్య ఏడు వేల దగ్గర ఆగాడు. విశ్వనాథం అంతకంటే రెండు వందల యాభై తక్కువ దగ్గర ఆగాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇద్దరూ.

"వస్తానండీ మరి," అన్నాడు విశ్వనాథం.

పాపయ్యకి ఆ మాట అర్థం తెలుసు. కళ్ళు మెరిశాయి. "వెళ్ళు, వెళ్ళు. నేను వెనక్కి పిలుస్తాననేగా? చూద్దాం ఎవరు ముందు పిలుస్తారో."

కరోలా అద్దంలో విశ్వనాథం వీధి మలుపు దాకా చూస్తూనే ఉన్నాడు. పాపయ్య గరాజ్ ముందు నిలబడి చేతిగుడ్డ ఊపుతున్నాడు. పిలవలేదు.

మూడు దాటాక భోజనానికి కూర్చుని ఫోను కంచం పక్కనే పెట్టుకున్నాడు. అది మోగలేదు.

"లోపం దొరికిందా?" అంది చాముండేశ్వరి.

"గడియారం."

ఆమె పెరుగు వడ్డించి ఎదురుగా కూర్చుంది. "పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడు కూడా ఇంతే. ఉత్తరం రాస్తామని లేచి వెళ్ళిపోయారు. మూడు వారాలు. మా నాన్నగారు ఉండబట్టలేక ఆయనే కబురు చేశారు. చెయ్యకపోయుంటే ఏం చేసేవాళ్ళు?"

ఇన్నేళ్ళలో ఆమె ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. విశ్వనాథం లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"అడిగినంతా ఇచ్చేస్తాను," అన్నాడు. చాముండేశ్వరి పెరుగు గిన్నె పట్టుకునే వాకిలి దాకా వచ్చింది.

దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి నాలుగు నిమ్మకాయలు కొన్నాడు. ఏరకుండా, నొక్కి చూడకుండా, చేతికందిన నాలుగూ తీసుకున్నాడు. ముందు పాపయ్యకి ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాడు. నేను ఓడిపోయానండీ, అంటే సరిపోతుంది. ముసలాయన నవ్వుతాడు.

వీధి మలుపులో ఒక ఆంబులెన్స్ ఎదురొచ్చింది. లైట్లు లేవు, కూత లేదు, మెల్లగా వెళ్తోంది. అలవాటు కొద్దీ పక్కకి తీసి దారిచ్చాడు.

గరాజ్ తలుపు ఎత్తే ఉంది. ముప్పై ఏళ్ళ అమ్మాయి ఒకతి తలుపు దించే మీట కోసం గోడ మీద వెతుకుతోంది. విశ్వనాథాన్ని చూసి చెయ్యి దించింది.

"మీరు?"

"పాపయ్య గారి కోసం. కారు కొందామని."

"నేను అనురాధనండీ, ఎదురింట్లో ఉంటాం. అంకుల్ పోయారు. టీ తీసుకుని ఆంటీ వచ్చేసరికి ఆ కుర్చీలో తల వాల్చేసి ఉన్నారంట. నిద్ర పట్టిందనుకుని కాసేపు లేపలేదంట పాపం. ఆంబులెన్స్ వాళ్ళొచ్చి చూసి ఇక లేరన్నారు. అంకుల్‌ని తీసుకెళ్తుంటే ఆంటీ కూడా ఆంబులెన్స్‌లో వెళ్ళారు. నన్ను గరాజ్ క్లోజ్ చెయ్యమన్నారు."

మాటలు వినిపించాయి గానీ లోపలికి దిగలేదు. పొద్దున్న చేతిగుడ్డ ఊపిన మనిషి. ఐదు గంటలు కూడా కాలేదు. ఎక్కడో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, మళ్ళీ ఒకసారి చూడమనాలి అనుకున్నాడు. మూలన మడత కుర్చీ ఉంది. దాని పక్కన నేల మీద టీ కప్పు, తొరక కట్టి ఉంది.

"మధ్యాహ్నమంతా ఇక్కడే కూర్చున్నారంట," అంది అనురాధ. "ఆ కుర్రాడికి ఫోన్ చెయ్యండి, తగ్గించి ఇచ్చెయ్యండి అని ఆంటీ ఎంత చెప్పినా వినలేదంట. ముందు ఫోన్ చేస్తే ఓడిపోయినట్టు, అతనే వస్తాడు అన్నారంట. ఈలోగా ఏదో గడియారం బాగు చెయ్యాలని కార్‌లో కూర్చున్నారంట."

విశ్వనాథానికి ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇద్దరూ చెరో ఫోను ముందు పెట్టుకుని అటు నుంచి మోగాలని కూర్చున్నారు. రెండు వందల యాభై డాలర్ల కోసం తను ఆ మనిషిని గెలవబోయాడు. వచ్చానండీ అని ఇప్పుడు ఎవరితో చెప్పాలి? కారు మీద చెయ్యి వేశాడు. బానెట్ చల్లగా ఉంది. కిటికీలోంచి చూస్తే గడియారం చీకటిగా ఉంది. తాళం తిప్పితే గాని అది వెలగదు.

చేతిలో సంచీ జారి నిమ్మకాయలు గరాజ్ నేల మీద దొర్లాయి. ఏరుకోవడానికి వంగాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది కారు కిందికి పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెడితే కాయ దొరికింది. దాని పక్కనే ఇంకోటి ఉంది.

వంగి చూశాడు. ఎడమవైపు వెనక చక్రానికి ఆనించి ఒకటి. కుడివైపు ఒకటి. ముందు చక్రాలకీ చెరొకటి. నాలుగూ చక్రాల ముందు కాదు, వెనకవైపు ఉన్నాయి. బండి రివర్స్‌లో బయటికి వెళ్తుందని పాపయ్య ఈసారి మర్చిపోకుండా సరిచూసుకుని మరీ పెట్టాడు.

"మూసెయ్యనాండీ?" అని అడుగుతోంది అనురాధ.

విశ్వనాథం లేవలేదు. తన నాలుగు కాయలూ ఒళ్ళో పెట్టుకుని ఆ చక్రం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. టైరుకి ఆనుకుని ఉన్న పసుపుపచ్చటి నిమ్మకాయ మీద నల్లటి గ్రీజుతో ఒక బొటనవేలి ముద్ర ఉంది.