గంటగంటకీ ‘బాగుంది’

నేను ఒక హోల్టర్ పెట్టెను. ఇరవై నాలుగు గంటలు మనిషి నడుముకి వేలాడి, గుండె కొట్టుకునే తీరంతా రాసుకోవడం నా ఉద్యోగం. నయం చేయడం నాకు చేతకాదు. ఉన్న సంగతి డాక్టరుగారికి మోసుకెళ్ళడమే నా పని. అదైనా సరిగ్గా చేశానా అంటే, వినండి.

విజయనగరంలో గోనె మిల్లులో పనిచేసే పైడమ్మకి నన్ను కట్టారు. పుట్టుకతోనే ఆమె గుండెలో రంధ్రం. ఆరేళ్ళప్పుడు ఆపరేషన్ చేసి మూశారు. ముప్పై నాలుగో ఏట ఆ గుండె ఉన్నట్టుండి పరుగందుకోవడం మొదలైంది. మిల్లులో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. మూడోసారి తిరిగే మర మీద పడితే? ఆ పరుగు ఎలాంటిదో నా గీతల్లో దొరికితేనే వైద్యం. ఏ గంటకి ఏం చేసిందో రాయమని చిన్న పుస్తకం కూడా ఇచ్చారు.

ఆమె అత్త సింహాలమ్మ ఇదేదో పరీక్ష అనుకుంది. కోడలు ఫెయిలవకూడదని మంచం దిగనివ్వలేదు, అన్నం కూడా తానే కలిపి పెట్టింది. పుస్తకం నిండా గంటగంటకీ ‘బాగుంది’. నేనూ తీరైన గీతలు గీసుకుని, ఎంత చక్కని గుండె, ఎంత చక్కని నేను అని మురిసిపోయాను.

డాక్టరుగారు ఆ గీతలు చూసి తల పట్టుకున్నారు. ఏం చేశావని అడిగితే పైడమ్మ గర్వంగా చెప్పింది.

“ఏటీ సెయ్యనేదు బాబూ. కదలకండా తొంగున్నాను.”

“ఇందులో పాసవ్వక్కర్లేదమ్మా. రోజూ చేసే పనే చెయ్యి.”

రెండోసారి నన్ను కట్టినప్పుడు తడిబట్టల బకెట్టుతో మేడ మెట్లెక్కింది. ఐదో మెట్టు మీద గోడ పట్టుకుని ఆగి, గుండె అదిరితే నొక్కమన్న నా మీట నొక్కింది. నా గీతలు రంపం పళ్ళలా మారిపోయాయి. ఎక్కడో తీగ ఊడిందనుకుని నేను సిగ్గుతో చచ్చాను. వెతుకుతున్నది చేతికి దొరికితే, అది తన లోపమనుకున్న మేధావిని!

చిన్ననాటి కుట్టు మచ్చ చుట్టూ గుండెలోని కరెంటు గిరగిరా తిరుగుతోందని డాక్టరుగారు తేల్చారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి ఆ దారిని కాల్చేశారు. అయినా మచ్చ మచ్చే కాబట్టి ఏటా వచ్చి చూపించుకోమన్నారు.

మూడు నెలలకి మళ్ళీ నన్నే కట్టారు. ఈసారీ తీరైన గీతలే. ఇవీ మంచం గీతలేమోనని మురవడానికి జంకాను.

ఇప్పుడు ఛాతీకి అతికించే బిళ్ళలొచ్చి నన్ను పాత సామాన్ల బీరువాలో పడేశారు. నేను గీసిన లక్షల గీతల్లో ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. ఆ మూడోసారి డాక్టరుగారు పుస్తకం తెరిచి పైకి చదివిన పైడమ్మ మాటలు మాత్రం గుర్తున్నాయి:

‘తొమ్మిదింటికి బకెట్టుతో మేడెక్కాను. ఏమీ అవలేదు. ఆరేసిన బట్టలు మళ్ళీ తడిపి, మళ్ళీ ఎక్కాను.’