వదలమనేదాకా

"తొక్కు," అన్నాడు జీపు కిందనుంచి రామకోటేశ్వరరావు.

ఛాయాదేవి తొక్కింది.

"పట్టుకో... పట్టుకో... ఆ, ఇప్పుడు వదులు. మళ్లీ తొక్కు."

ఆదివారం పొద్దున. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగి, ఇంకా పోయకముందే పిలుపొచ్చింది. బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే బ్రేకు పడదట. ఆ గాలి తియ్యాలంటే ఇద్దరుండాలి. ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టాలి. ఇంకొకరు కింద పడుకుని, చక్రం దగ్గరున్న చిన్న నట్టు వదులుచేసి, నూనెతో పాటు బుడగలు పోయాక మళ్లీ బిగించాలి. బిగించకముందే పైవాళ్లు కాలు తీస్తే గొట్టం బయటి గాలిని లోపలికి లాక్కుని పనంతా మొదటికొస్తుంది. మొదటి ఆదివారం ఛాయాదేవి అలాగే తీసింది. "కాలు ఆన్చి కూర్చోడం కూడా చేతకాదంటే ఏం మనిషివే నువ్వు?" అన్న మాట పక్కవీధి దాకా వినబడింది. ఆ తరువాత ఆయన వదలమనేదాకా ఆమె ఎప్పుడూ వదల్లేదు.

మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత జీపది. లారీ వెనక మోకు కట్టి ఇబ్రహీంపట్నం దాకా లాక్కొచ్చారు. ఊళ్లో థర్మల్ స్టేషను కడుతున్నారు కదా, కంట్రాక్టర్లకు జీపులు అద్దెకు కావాలి. గవర్నర్‌పేట ఇనపసామాన్ల కొట్లో గుమాస్తాగిరీ మానేసి జీపు ఓనరు అనిపించుకోవాలని రామకోటేశ్వరరావు కోరిక. "నాలుగు చక్రాలూ లాగుతాయి. మోకాటిలోతు బురదలో దించినా ఏనుగులాగా లేచొస్తుంది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వారంలో ఆరురోజులూ ఆయన కొట్లో ఉంటే, జీపు మాత్రం ఛాయాదేవి దగ్గరుండేది. ఆయన విప్పిపడేసిన సామానంతా కిరసనాయిల్లో కడిగింది ఆమె. తుప్పు ఇటికముక్కతో రుద్దింది ఆమె. సీట్లకు తొడుగులు కుట్టింది ఆమె. గోళ్లలో నలుపు కుంకుడు పులుసుకు కూడా వదల్లేదు. "ఆ చేతులతో ఆవకాయ జాడీ జోలికెళ్లకు," అని అత్తగారు బుల్లెమ్మ జాడీని తన మంచం కిందకు జరుపుకుంది. నీళ్లు తోడడానికీ అంట్లు తోమడానికీ మాత్రం ఆ చేతులే పనికొచ్చాయి.

"నట్లన్నీ బిగించేశాను. గట్టిగా తొక్కిపట్టు, ఎక్కడన్నా కారుతుందేమో చూస్తా," అంటూ రామకోటేశ్వరరావు బయటికొచ్చి, నాలుగు చక్రాల దగ్గరా వంగి చూశాడు. ఎక్కడా చుక్క లేదు. చేతులు తుడుచుకుంటుంటే ఎదురింటి బసవపున్నయ్య వచ్చాడు.

"ఏం కోటేశ్వర్రావ్, అయిందా? అంతా నువ్వే చేశావా?"

"ఇంకెవరున్నారన్నయ్యా. ఒంటిచేత్తో."

బసవపున్నయ్య సీట్లోకి చూసి నవ్వాడు. "చెల్లెమ్మ డ్రైవింగు నేర్చుకుంటున్నట్టుందే."

"ఆ, పెట్రోలు ఖర్చు లేకుండా ఉన్నచోటనే నడుపుతోంది."

ఇద్దరూ నవ్వుకుంటూ అరుగు మీద కూర్చున్నారు. మాటలు కంట్రాక్టర్ల మీదికీ, రోడ్ల మీదికీ పోయాయి. ఛాయాదేవి కాలు బ్రేకు మీదే ఉంది. రబ్బరు ఊడిపోయిన ఇనపరేకు అరికాల్లో గుచ్చుకుంటోంది. వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది. "ఎసరు మరిగి సగమైంది. మహారాణిగారు బండి దిగితే గదా." పిలిచి అడుగుదామా అనుకుంది. పదిమందిలో పిలవడం ఆయనకు గిట్టదు. తనను మరిచిపోయాడని అప్పటికి అర్థమైంది. మరిచిపోవడం కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో గుంటూరు బస్టాండులో సామాను దగ్గర కూర్చోబెట్టి, స్నేహితుడు కనబడితే సినిమాకు వెళ్లిపోయాడు. అప్పుడూ ఆమె కదల్లేదు. కదలకుండా ఉండడమే తన మంచితనమని ఇన్నాళ్లూ అందరూ మెచ్చుకుంటూ వచ్చారు, తనూ నమ్ముతూ వచ్చింది.

అప్పుడు తెలిసింది, కాలికింద ఏదో జరుగుతోందని. తొక్కగానే రాయిలా తగిలిన బ్రేకు మెల్లిగా, ముద్దలోకి వేలు దిగినట్టు, దిగుతోంది. ఆమె బలం పెంచలేదు. దానంతటదే దిగి దిగి అడుగురేకుకు తగిలింది.

బసవపున్నయ్య వెళ్లాక చెప్పింది.

రామకోటేశ్వరరావు సీటెక్కి టపటపా రెండుసార్లు తొక్కాడు. "ఇదుగో, రాయి. ఏం దిగింది?"

"అలా కాదండీ. తొక్కి అలాగే ఉంచండి. మెల్లిగా దిగుతుంది."

"ఎంతసేపు ఉంచాలి?"

"మీరు బసవపున్నయ్యగారితో మాట్లాడినంతసేపు."

"అంతసేపు బ్రేకు ఎవడు తొక్కుతాడే?"

"మీరు వదలమనలేదు."

ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, వెటకారమేమోనని అనుమానించి, కాదని తేల్చుకున్నాడు. "రేపు సోమవారం. బల్లకట్టు మీద రేవు దాటి అమరావతి గుడికి వెళ్తున్నాం. అమ్మకు మాటిచ్చాను. శుభమా అని బండి బయల్దేరుతుంటే అడ్డపుల్లలు వెయ్యకు."

"హ్యాండుబ్రేకు తీగ కూడా ఇంకా వెయ్యలేదు కదండీ."

"ఆటోనగర్నించి రావాలి. వచ్చాక వేస్తా. నీ కాలితో చూసి చెప్పే ముచ్చట్లు ఆపి అన్నం పెట్టు."

కూతురు హైమనన్నా ఇంట్లో ఉంచుదామని సాయంత్రం అత్తగారిని అడిగింది. నాలుగేళ్ల పిల్ల, ఎండకు తట్టుకోలేదంది. "నాన్న బండిలో మొదటిసారి ఇంటి మహాలక్ష్మి లేకుండా ఎలాగే? నా ఒళ్లో కూర్చుంటుంది, ముందు సీట్లో," అంది బుల్లెమ్మ. ముందు సీటుకు తలుపు లేదు.

తెల్లారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, ఛాయాదేవి పెరట్లోకి వెళ్లింది. స్నానాల నీళ్లు కాచే పొయ్యి దగ్గర కూర్చుని, దాని మూడు రాళ్లలో రెండింటిని పెకలించి గోనెసంచిలో వేసింది.

"ఏమిటే ఆ బరువు?" అంది అత్తగారు.

"నీళ్లపొయ్యి రాళ్లు, అత్తయ్యా."

"అక్కడ వంట చేస్తావా ఏమిటి? పులిహోర ఉందిగా."

"అవసరానికుంటాయని."

వెనకసీటులో సంచి కాళ్లదగ్గర పెట్టుకుని ఆమె కూర్చుంది. ఎదురుగా, గుడికి తోడొస్తానన్న బసవపున్నయ్య. కట్టమీద రోడ్డు చదునుగా ఉన్నంతవరకూ జీపు బాగానే నడిచింది. రామకోటేశ్వరరావు ఎవరు కనబడినా హారను కొట్టాడు.

కట్ట దిగి రేవులోకి వెళ్లే దారి నిటారుగా నీళ్లలోకి జారుతున్నట్టుంటుంది. బల్లకట్టు ఇంకా నది మధ్యలో ఉంది. ముందు ఒక మిరపకాయల బండి ఆగి ఉంది. దాని వెనక బస్తాలకానుకుని, కాళ్లు వేలాడేసుకుని ఒక ముసలమ్మ నిద్రపోతోంది. రామకోటేశ్వరరావు ఆ కాళ్లకు మూరెడు దూరంలో జీపు ఆపాడు. ఇంజను ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనని ఆపలేదు. బ్రేకు తొక్కిపట్టి, వెనక్కి తిరిగాడు.

"చూశావా అన్నయ్యా, ఎంత దిగుడులో ఎలా నిలబడిందో."

ఛాయాదేవి ఆయన ముఖం చూడలేదు. మోకాలు చూస్తోంది. వంగి ఉన్న మోకాలు కొంచెం కొంచెంగా సాగుతోంది. ఆయన కంట్రాక్టరు ఇస్తానన్న మాట గురించి చెబుతున్నాడు. హైమ నాయనమ్మ ఒళ్లోంచి ముందుకు వంగి ఎద్దుల్ని చూస్తోంది. మోకాలు ఇంకొంచెం సాగింది. ఛాయాదేవి కుడికాలు తనంతట తనే కిందరేకును గట్టిగా నొక్కుతోంది.

ఆమె సంచి ఎత్తుకుని దిగింది.

"చెల్లెమ్మా, ఎక్కడికి?" అన్నాడు బసవపున్నయ్య.

ముందు చక్రం కింద ఒక రాయి దూర్చింది. అటు తిరిగి వెళ్లి రెండో చక్రం కింద రెండోది పెడుతుంటే, చెయ్యి పూర్తిగా తియ్యకముందే టైరు వచ్చి రాయికి ఆనింది. వేళ్ల చివర్లు చురుక్కుమన్నాయి. ముసలమ్మ పాదం ఇప్పుడు జీపు ముక్కుకు జానెడు దూరంలో ఉంది.

"ఎవరు దిగమన్నారే నిన్ను? నలుగురిలో ఏమిటీ..." అంటున్న రామకోటేశ్వరరావు ఆగిపోయాడు. కాలు అడుగురేకుకు తగిలినట్టు అప్పుడు తెలిసింది ఆయనకు. కంగారుగా కాలెత్తబోయాడు.

"ఎత్తకండి," అంది ఛాయాదేవి. ఆమె గొంతు పెద్దది కాదు. "అలాగే తొక్కిపట్టండి. నేను వదలమనేదాకా."

ఎత్తబోయిన కాలు అక్కడే ఉండిపోయింది.

ఆమె హైమను ఎత్తి కింద నిలబెట్టింది. తరువాత అత్తగారికి చెయ్యిచ్చింది. అరచేతినిండా పొయ్యిమసి. బుల్లెమ్మ ఒకసారి ఆ చేతిని, ఒకసారి నీళ్లను చూసి, గట్టిగా పట్టుకుని దిగింది. బసవపున్నయ్య ఎవరూ చెప్పకుండానే దిగి, మిరపబండివాణ్ణి ముందుకు తోలమని కేకేశాడు.

బల్లకట్టు ఒడ్డుకు తగిలింది. మిరపబండి కదిలింది. వెనకనుంచి ఎవరో, "పోనివ్వండి బాబూ," అని అరిచారు.

"ఛాయా," అన్నాడు రామకోటేశ్వరరావు. స్టీరింగును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. "వదలనా?"

రాళ్లు గట్టిగానే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఉండండి," అంది. "చెప్తాను."

హైమ చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా, తీరుబడిగా కట్ట ఎక్కసాగింది.